ఇరవై రెండు పాయింట్ల తేడా

గెలుస్తున్న ఆటలోంచి నన్ను తీసేస్తే నాకు ఎక్కడలేని కోపం వచ్చేది. ఓడిపోతున్నప్పుడు తీసేస్తే అంత బాధ ఉండేది కాదు. పోతే పోయింది, వాళ్ళ ఖర్మ అనుకునేదాన్ని. కానీ బోర్డు మీద మా పాయింట్లు కళకళలాడుతుంటే, ఆ కళంతా నా చలవేనని నేను గట్టిగా నమ్ముతున్న సమయంలో, మా పి.టి. మేడమ్ బెంచీ వైపు వేలు చూపించి "బైఠ్ జావ్" అనేవారు. వెళ్ళి కూర్చునేదాన్ని. తువ్వాలు నెత్తిన కప్పుకుని, లోపల్లోపల ఆవిణ్ణి నానా మాటలూ అనుకునేదాన్ని.

అప్పుడు నాకు పదిహేడేళ్ళు. పోర్ట్ బ్లెయిర్‌లో ఆడపిల్లల బడిలో పన్నెండో తరగతి. మా బాస్కెట్‌బాల్ టీములో నా అంత వేగంగా పరిగెత్తేవాళ్ళు లేరు, నా అంత బాగా బుట్టలో వేసేవాళ్ళు లేరు, నా అన్ని ఫౌళ్ళు చేసేవాళ్ళు అసలే లేరు. ఎవరైనా నా చేతిలో బంతి లాక్కుంటే ఊరుకోలేకపోయేదాన్ని. వెంటపడి ముంజేతి మీద ఒక్కటి వేసేదాన్ని. ఐదు ఫౌళ్ళయితే ఇక ఆ ఆటలో అడుగుపెట్టనివ్వరు. నాలుగు దాకా వెళ్ళకుండా నేను ముగించిన మ్యాచ్ ఒక్కటీ గుర్తు లేదు. పొగరా అంటే, అవును, పొగరే.

మా ఇల్లు బ్రూక్షాబాద్‌లో. పెళ్ళయిన కొత్తలో నాన్న శ్రీకాకుళం సముద్రపు ఒడ్డు నుంచి ఓడెక్కి ఇక్కడికొచ్చి ఉండిపోయారు. నేను ఇక్కడే పుట్టాను. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే హిందీ. నాన్నది దీవుల మధ్య తిరిగే సర్కారు బోటులో ఉద్యోగం. పోర్ట్ బ్లెయిర్ నుంచి మాయాబందర్, అక్కణ్ణుంచి ఇంకా పైకి, మళ్ళీ వెనక్కి. తెల్లవారకముందే వెళ్ళిపోయేవారు, నాలుగైదు రోజులకి చీకటి పడ్డాక వచ్చేవారు. జెట్టీ దగ్గరికి మమ్మల్ని రానిచ్చేవారు కాదు. "జనం రద్దీ, సరుకు దించుతుంటారు, ఎందుకు" అనేవారు. బోటులో ఉద్యోగం అంటే బోటు నడపడమేనని నా చిన్నప్పటి నుంచి నా లెక్క. మా నాన్న సరంగు అని బడిలో అందరికీ చెప్పేదాన్ని. సరంగంటే బోటు మొత్తానికి పెద్ద, చుక్కాని ఆయన చేతిలో ఉంటుంది. నాన్న ముందు కూడా చాలాసార్లు ఆ మాట అన్నాను. ఆయన కాదనలేదు, ఔననీ అనలేదు. నవ్వి వేరే సంగతిలోకి వెళ్ళిపోయేవారు.

నాలుగేళ్ళ నుంచి ఆడుతున్నా నాన్న నా ఆట ఒక్కసారి కూడా చూడలేదు. మ్యాచులన్నీ మధ్యాహ్నాలు, ఆయన మధ్యాహ్నాలన్నీ సముద్రం మీద. అమ్మకి ఆటంటే చెమట వాసన వేసే బట్టలు, అంతే. కాబట్టి ఇంట్లో నా గొప్ప నేనే చెప్పుకోవలసి వచ్చేది. చెప్పుకుంటే ఏం బాగుంటుంది? ఇంటికొచ్చి "ఇవాళ పద్నాలుగు పాయింట్లు వేశాను నాన్నా" అంటే, ఆయన అన్నం కలుపుతూ "అలాగేటి? మంచిది" అనేవారు. పద్నాలుగు ఎక్కువో తక్కువో ఆయనకెలా తెలుస్తుంది? ఒక్కసారి కళ్ళతో చూస్తే చాలు అనుకునేదాన్ని. నేను బంతి పట్టుకుని ఎడమ పక్క నుంచి దూసుకెళ్ళి, గాల్లోకి లేచి వేస్తే, కంచె పక్కన నిలబడ్డ నాన్న మొహం ఎలా ఉంటుందో చూడాలని నాకు ప్రాణం కొట్టుకునేది.

ఆ ఏడాది చివరి మ్యాచ్, బళ్ళ మధ్య ఫైనల్, నాకు అదే ఆఖరు ఆట. పరీక్షలయ్యాక నర్సింగు చదవడానికి వెళ్ళిపోవాలి. అక్కడెవరు ఆడనిస్తారు? సరిగ్గా ఆ వారమే నాన్న బోటుకి కొత్త ఆర్డరు వచ్చింది. మధ్యాహ్నం పోర్ట్ బ్లెయిర్ చేరి, బియ్యం బస్తాలు ఎక్కించుకుని, అదే రోజు సాయంత్రం ఐదింటికి మళ్ళీ మాయాబందర్‌కి బయల్దేరాలి. అంటే మధ్యలో రెండు మూడు గంటలు ఖాళీ. మ్యాచ్ రెండున్నరకి.

"వొచ్చీస్తానమ్మా," అన్నారు నాన్న. "బోటు కట్టిన ఎంటనే తిన్నగా మీ బడికే."

ఇక్కడ మా మేడమ్ గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే ఆ రోజు ఆవిడ చేసింది అర్థం కాదు. మేడమ్‌ది రాంచీ వైపు నుంచి వచ్చిన కుటుంబం. పొట్టిగా, గట్టిగా, ఎప్పుడూ మెళ్ళో విజిల్‌తో ఉండేవారు. మాతో హిందీలోనే మాట్లాడేవారు. ఆవిడ మాటలు నాకు ఇప్పుడు సగం తెలుగులోనే గుర్తొస్తాయి, అలాగే రాస్తాను.

అంతకుముందు ఏడాది ఒక మ్యాచ్‌లో మేము పదహారు పాయింట్ల ముందున్నాం. సగం ఆట మిగిలి ఉంది. మేడమ్‌కి జాలి పుట్టింది. ఏడాదంతా నీళ్ళు మోసి, బంతులు ఏరి, ఒక్కసారి కూడా కోర్టులోకి దిగని చిన్నపిల్లలు బెంచీ మీద ఉన్నారు. మా ఐదుగురినీ ఒకేసారి బయటికి పిలిచి, ఐదుగురు కొత్తవాళ్ళని దింపారు. పాపం వాళ్ళకి బంతి ఎవరికివ్వాలో తెలియలేదు. అవతలివాళ్ళు మీదకొచ్చేస్తే భయపడి గీత అవతలికి విసిరేశారు. పదహారు పదయింది, పది నాలుగయింది. మేడమ్ కంగారుగా మమ్మల్ని మళ్ళీ దింపారు. మా కాళ్ళు అప్పటికే చల్లారిపోయాయి. ఒక్క పాయింటుతో ఓడిపోయాం. చిన్నపిల్లలు తమ వల్లే ఓడామని వెక్కి వెక్కి ఏడ్చారు. నేను వాళ్ళని ఓదార్చలేదు సరికదా, బస్సు ఎక్కేదాకా ఒక్కదాంతోనూ మాట్లాడలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

ఆ ఓటమి తర్వాత మేడమ్ చిన్నపిల్లల్ని దింపడం మానేస్తారనుకున్నాను. మానలేదు. దింపే పద్ధతి మార్చారు. తేడా ఇరవై దాటాక ఒక్కొక్కరినే మార్చేవారు. ఒకరిని దింపాక రెండు నిమిషాలు ఆగి, ఆ పిల్ల ఊపిరి కుదురుకున్నాకే ఇంకొకరిని. ఎప్పుడు చూసినా కోర్టులో ఇద్దరు పాతవాళ్ళు ఉండి తీరాలి. బయటికొచ్చినవాళ్ళు బూట్ల తాళ్ళు విప్పకూడదు, మధ్యమధ్యలో లేచి కాళ్ళు ఆడిస్తూ ఉండాలి. నాలుగు ఫౌళ్ళున్నవాళ్ళు అందరికంటే ముందు బయటికి. ఈ ఆఖరి నియమం నన్ను చూసే పెట్టారని అందరికీ తెలుసు.

ఇంకో సంగతి. ఇన్ని సెకన్లలోపు బంతి బుట్ట వైపు వెయ్యాలనే నిబంధన పుస్తకంలో ఉంది కానీ మా దగ్గర ఆ గడియారం చూసే మనిషి లేడు. బల్ల దగ్గర ఒక టీచరు చేతివాచీ పెట్టుకుని మొత్తం ఆట సమయం చూసేవారు, ఇంకొకరు నల్లబల్ల మీద సుద్దముక్కతో పాయింట్లు రాసేవారు. అందుకని ముందున్న టీము బంతిని ఎంతసేపైనా తమలో తాము తిప్పుకోవచ్చు. ఈ పనికి మేడమ్ ఎంచుకునేది తుష్నాబాద్ నుంచి రోజూ బస్సులో వచ్చే పదకొండో తరగతి పిల్లని. బక్కగా, నోట్లో నాలుక లేనట్టు ఉండేది. బుట్ట వైపు చూసేది కాదు. కానీ బంతి దాని చేతికొస్తే మాత్రం, సంతలో కోడిని చంకన పెట్టుకున్నట్టు పట్టుకునేది. ఎవరూ లాక్కోలేకపోయేవారు. నేను బయటికొస్తే నా స్థానంలోకి వెళ్ళేది అదే.

ఫైనల్ రోజు రెండున్నర అయింది. నాన్న రాలేదు. సముద్రం బాగా లేదని, మాయాబందర్ నుంచి రావలసిన బోటు ఆలస్యమని ఎవరో చెప్పారు. ఆట మొదలయింది. నేను ఒక కన్ను బంతి మీద, ఒక కన్ను కంచె మీద వేసి ఆడాను. అయినా ఆ రోజు ఏ దేవుడు కరుణించాడో, ఏది వేసినా పడింది. మొదటి సగం అయ్యేసరికి ముప్పై నాలుగు, పద్దెనిమిది. రెండో సగంలో ఎనిమిది నిమిషాలు గడిచేసరికి నలభై ఆరు, ఇరవై నాలుగు. ఇరవై రెండు పాయింట్ల తేడా. మా నలభై ఆరులో ఇరవై నావే. ఫౌళ్ళు నాలుగు.

మేడమ్ వేలు లేచింది. "బైఠ్ జావ్."

తుష్నాబాద్ పిల్ల నా పక్క నుంచి లోపలికి వెళ్తూ "దీదీ" అని చెయ్యి చాపింది. ఆ చేతిని తట్టి వెళ్ళి కూర్చున్నాను. నా ఆట ముగిసినట్టేనని నాకు తెలుసు. నాన్న ఇంకా రాలేదు. ఒక రకంగా అదే నయమనుకున్నాను. అసలు రాకపోతే బోటు మీద కోపం తెచ్చుకోవచ్చు.

మరో రెండు నిమిషాలకి ఇంకో చిన్నపిల్ల దిగింది, ఆ తర్వాత మూడోది. అప్పుడు కనిపించారు నాన్న. రోడ్డు మీద నుంచి పరుగులాంటి నడకతో వచ్చి, కంచె పట్టుకుని నిలబడ్డారు. ఖాకీ చొక్కా వీపంతా తడిసిపోయింది. చేతిలో నిమ్మకాయల సంచి. ఆయన కళ్ళు కోర్టులో ఐదుగురినీ ఒక్కొక్కరిగా వెతికాయి. నేను లేను. తర్వాత బెంచీ వైపు తిరిగాయి. నన్ను చూసి చెయ్యి ఊపారు. నేను కూడా ఊపాను. ఆయన నవ్వారు, నేను నవ్వలేకపోయాను.

ఏడు నిమిషాల ఆట మిగిలి ఉంది. నల్లబల్ల మీద నలభై ఎనిమిది, ముప్పై.

ఇప్పుడు చెప్పేది ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. మా వాళ్ళు బంతి పోగొట్టుకోవాలని కోరుకున్నాను. తేడా తగ్గాలి, మేడమ్‌కి భయం పుట్టాలి, నన్ను పిలవాలి. అంతకంటే ఇంకేమీ తోచలేదు. అవతలి పిల్ల బుట్టలో వేసినప్పుడల్లా నా గుండె ఎగిరింది. మూడో చిన్నపిల్ల చేతిలోంచి బంతి జారితే, దాని మొహం పాలిపోవడం చూస్తూ కూడా, ఇంకొక్కసారి జారితే బాగుండనుకున్నాను. పదిహేడేళ్ళ మనిషిలో అంత స్వార్థం ఉంటుందా అని ఇప్పుడు ఆశ్చర్యపోతాను. ఉంటుంది. నాలో ఉంది.

నా కోరిక నెరవేరింది కూడా. నలభై ఎనిమిది, ముప్పై ఏడు. నాలుగు నిమిషాలు మిగిలాయి. పద్దెనిమిది పదకొండయింది. మేడమ్ టైమ్-అవుట్ అడిగారు.

పిల్లలు రొప్పుకుంటూ బయటికొచ్చారు. పోయినేడు సంగతి అందరికీ గుర్తుంది. ఎవరూ ఎవరి మొహం చూడటం లేదు. నేను అప్పటికే లేచి నిలబడ్డాను. మేడమ్ నన్ను దాటి, పొడుగ్గా ఉండి బుట్ట కింద బంతి అందుకునే పిల్లని చూపించి "నువ్వు లోపలికి" అన్నారు. అలాగే గొడవపడకుండా బంతి అందించే ఇంకో పాత పిల్లని చూపించి "నువ్వు" అన్నారు. తుష్నాబాద్ పిల్ల భుజం మీద చెయ్యేసి "నువ్వు ఉండు" అన్నారు. అంతే.

"మేడమ్, నేను?"

"నువ్వు వెళ్తే ఏం చేస్తావ్? పాయింట్లు వేస్తావ్. నాకిప్పుడు పాయింట్లు వద్దు బేటీ, టైమ్ కావాలి. బంతిని దాచేవాళ్ళు కావాలి. పైగా ఇంకొక్క ఫౌల్ చేశావంటే వాళ్ళకి ఊపొస్తుంది."

ఆవిడ చెప్పినదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అదే నాకు మరీ ఒళ్ళు మండించింది. కంచె వైపు వేలు చూపించి అన్నాను, "మేడమ్, మా నాన్న వచ్చారు. ఎప్పుడూ చూడలేదు. అదిగో."

మేడమ్ కంచె వైపు చూశారు. నిమ్మకాయల సంచితో నిలబడ్డ మనిషిని చాలాసేపు చూశారు. ఆవిడ మొహంలో జాలి నాకు స్పష్టంగా కనిపించింది. జాలిపడి ఐదుగురిని మార్చిన మనిషే కదా, ఇప్పుడు ఒక్కదాన్ని మార్చలేదా అనుకున్నాను. ఆవిడ నా వైపు తిరిగి మెల్లిగా అన్నారు.

"తో సీధీ బైఠో. నిటారుగా కూర్చో. ఆయన చూస్తున్నారు."

ఏం చెయ్యను? కూర్చున్నాను. కాసేపు మొండికేసి కూర్చున్నాను. తర్వాత, బయటికొచ్చిన మూడో చిన్నపిల్ల నా పక్కనే కూర్చుని వణికిపోతోందని గమనించాను. పోయినేడు పిల్లల్లాగే ఏడవడానికి సిద్ధంగా ఉంది. మగ్గుతో నీళ్ళిచ్చాను. "నీదేం తప్పులేదే, బంతి తడిగా ఉంది" అన్నాను. అబద్ధమే, బంతి పొడిగానే ఉంది. ఆ పిల్ల నా తువ్వాల్లో మొహం దాచుకుంది. ఆ తర్వాత నాకు కూర్చోవడం కొంచెం తేలికయింది. లేచి అరవడం మొదలుపెట్టాను. "ఇటు, ఇటు! వెనక్కి ఇవ్వు! తొందరేం లేదు!" తుష్నాబాద్ పిల్ల బంతిని చంకన పెట్టుకుని మూలకి, మూల నుంచి మధ్యకి, మధ్య నుంచి మళ్ళీ వెనక్కి తిప్పింది. అవతలివాళ్ళు పిచ్చెక్కి ఫౌళ్ళు చేశారు. బంతి బయటికి పోయిన ప్రతిసారీ నేను మగ్గు పట్టుకుని పరిగెత్తాను. తుష్నాబాద్ పిల్ల కళ్ళలోకి చెమట కారుతుంటే నా చేత్తో తుడిచాను. యాభై రెండు, నలభై ఐదు. విజిల్ పడింది. ఏడు పాయింట్లతో గెలిచాం.

అందరూ ఎగురుతుంటే కంచె దగ్గరికి వెళ్ళాను. నాలుగు దాటింది. నాన్న ఐదింటికి బోటులో ఉండాలి. బహుమతులిచ్చే పెద్దమనిషి ఇంకా రాలేదు. జెట్టీ దాకా వెళ్ళొస్తానని మేడమ్‌ని అడిగితే తలూపారు. ఇద్దరం దిగుడు రోడ్డు పట్టుకుని నడిచాం.

కొంత దూరం వెళ్ళాక నాన్న చాలా జాగ్రత్తగా, పుండు మీద చెయ్యి వేస్తున్నట్టు అడిగారు.

"ఏటమ్మా, నిన్ను ఆడనియ్యలేదేటి?"

ముందు నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక నడవడం ఆపేశాను. బెంచీ మీద కూర్చున్న పిల్ల, నీళ్ళు మోసిన పిల్ల, చెమట తుడిచిన పిల్ల. ఆయన చూసింది అదే. కూతురు నాలుగేళ్ళుగా ఇంట్లో చెప్పిన గొప్పలన్నీ ఉత్తవని ఆయనకి తోచింది.

"ఇప్పుడు దిగుతాది, ఇప్పుడు దిగుతాది అని సూసినాను," అన్నారు నాన్న. "ఆ మేడమ్‌ని అడిగినావు కూడాను. అదీ సూసినాను. పోన్లే తల్లీ, మనసులో ఎట్టుకోకు. ఆ బక్కపిల్ల ఉంది సూడు, అది మా బాగా ఆడినాది."

నా నెత్తుటిలో ఉన్న పొగరంతా ఒక్కసారి నోటి దాకా వచ్చింది. ఇరవై పాయింట్లు నాన్నా! ఆ బక్కపిల్ల ఒక్కటీ వెయ్యలేదు! నేను వేశాను కాబట్టే అది దాచుకోగలిగింది! చెప్పడానికి నోరు తెరిచాను. ఆయన నా వైపు చూడకుండా, రోడ్డు కేసి చూస్తూ, అప్పటికే మాట్లాడుతున్నారు.

"నీకో మాట సెప్తాను. మీ అమ్మకి తెలుసు, ఇంకెవరికీ సెప్పలేదు. నువ్వు అందరి దగ్గరా మా నాన్న సరంగు అంటావు కదా. నాను సరంగుని కాదమ్మా. లష్కరుని. తాడు కట్టడం, తాడు ఇప్పడం, డెక్కు కడగడం, అదీ నా పని. పద్నాలుగేళ్ళయింది. స్టీరింగు ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. నువ్వలాగంటే కాదని సెప్పీవాణ్ణే, కానీ ఇంటానికి బాగుండీది. అందుకే ఊరుకున్నాను."

నిమ్మకాయల సంచిని ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకున్నారు.

"మొదట్లో ఏడుపొచ్చీది. నాకూ వొచ్చు కదా, నన్నెందుకు స్టీరింగు కాడ నిలబెట్టరు అని. తరవాత అలవాటైపోనాది. తాడు సరిగా ఇసరకపోతే బోటు ఎల్లి జెట్టీని గుద్దీసుద్ది. అదీ ఒక పనే. నువ్వు ఇవాళ ఆ సిన్నపిల్లకి నీళ్ళిచ్చినావు, ఇంకోదానికి మొకం తుడిసినావు. నాను సూసినాను. నాకేటీ సిన్నతనం లేదు. నీకూ ఉండకూడదని సెప్తున్నాను, అంతే."

తెరిచిన నోరు మూసుకున్నాను. ఆయన పద్నాలుగేళ్ళు దాచుకున్నది నా కోసం బయటపెట్టారు. నన్ను ఒంటరిగా ఉండనివ్వకూడదని, తను కూర్చునే బెంచీ మీద నా కోసం కొంచెం జరిగి చోటిచ్చారు. ఇప్పుడు నేను ఇరవై పాయింట్లు వేశాను నాన్నా అంటే, ఆయన్ని ఆ బెంచీ మీద ఒక్కణ్ణే వదిలేసి లేచి వెళ్ళిపోయినట్టే. మా నాన్న మీద నాకు ఎంత ప్రేమ ఉందో ఆ రోడ్డు మీద, ఆ నిమిషంలో తెలిసింది. అంతకుముందు ఉన్నది గొప్పే, ప్రేమ కాదేమో అనిపించింది.

"సరే నాన్నా," అన్నాను. "వచ్చే ఏడు ఆడనిస్తారేమో."

వచ్చే ఏడు లేదని ఇద్దరికీ తెలుసు. "ఆఁ, ఇస్తారు మరి" అన్నారాయన.

ఆ అబద్ధాన్ని ఎలా నిలబెట్టానో కూడా చెప్పేస్తాను. ఆ సాయంత్రం నాకు ఉత్తమ క్రీడాకారిణి అని ఒక స్టీలు గిన్నె ఇచ్చారు. అంచు మీద చుక్కలు చుక్కలుగా ఇంగ్లీషు అక్షరాలు చెక్కించారు. ఇంటికి తెచ్చి అమ్మకి జరిగినదంతా చెప్పి ఏడ్చాను. అమ్మ ఆ గిన్నె తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో పడేసింది. నాన్న ఎప్పుడూ ఆ మూత తియ్యరని అమ్మ ధైర్యం. నెల తిరక్కుండా ఆయనే ఒకరోజు అమ్మకి జ్వరమొస్తే బియ్యం కొలవడానికి తీశారు. అక్షరాల మీద వేలు పెట్టి తడిమి "ఎక్కడిదే ఇది?" అన్నారు. "ఎవరి పెళ్ళిలోనో ఇచ్చారు" అంది అమ్మ, దుప్పటి కిందనుంచి. నాన్నకి ఇంగ్లీషు చదవడం రాదు. రిటైరయ్యేదాకా, అయ్యాక కూడా, దాంతోనే బియ్యం కొలిచారు. ఇంటికి ఎవరొచ్చినా నా గురించి చెప్పేది ఒకటే. "మా అమ్మాయిని ఆడనియ్యలేదండి. అయినా మొకం మాడ్చుకోలేదు. అందరికీ నీళ్ళందించినాది." అది చెప్పేటప్పుడు ఆయన గొంతులో ఉండే గర్వం, ఏ పాయింట్లు వేసినా నాకు దొరికేది కాదు. అమ్మా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా పని చేసుకునేవాళ్ళం.

ఆ రోజు జెట్టీ దగ్గరికి వచ్చేసరికి ఐదవడానికి పది నిమిషాలుంది. లోపలికి రానివ్వకుండా "ఇంక ఎల్లిపో" అంటారనుకున్నాను. అనలేదు. నిమ్మకాయల సంచి నా చేతికిచ్చి, చెప్పులు విప్పి బోటులోకి దూకారు. జనం ఎక్కారు. హారన్ మోగింది. జెట్టీ మీద లావుపాటి ఇనుప గుంజకి చుట్టి ఉన్న తాడు విప్పడానికి నాన్న మళ్ళీ పైకి వచ్చారు. వంగి, రెండు చేతులతో తడి తాడు ఎత్తి, గుంజ మీద నుంచి ఒక్క ఊపున తప్పించి, బోటు కదులుతుండగా అందులోకి దూకారు. నీళ్ళలో పడకుండా తాడుని చకచకా లాగి చుట్టలు చుట్టారు. అంత వేగం ఆయనలో ఉంటుందని నాకు తెలియదు. చుట్టడం అయ్యాక నడుం నిలబెట్టి, జనంలో నన్ను వెతికారు, మధ్యాహ్నం కోర్టులో వెతికినట్టే.

నేను చప్పట్లు కొట్టాను. సంచి కింద పెట్టి, రెండు చేతులూ పైకెత్తి, మా వాళ్ళు గెలిచినప్పుడు కొట్టినట్టు కొట్టాను. చుట్టుపక్కల జనం వింతగా చూశారు. నాన్న సిగ్గుపడి, తాడు పట్టుకున్న చెయ్యే పైకెత్తి ఊపారు. బోటు మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా ఆయన్నే చూశాను. స్టీరింగు దగ్గర ఎవరున్నారో ఆ రోజు నేను చూడనే లేదు.